నానమ్మ పెట్టెలో వెండి చెంచాలు: లండన్‌వా, కలకత్తావా?

మహారాణిపేట_మనవడు:
మా నానమ్మ ట్రంకు పెట్టెలో అయిదు వెండి టీ చెంచాలు దొరికాయి. కాడ చివర ఫిడేలు ఆకారంలో వెడల్పుగా ఉంటుంది. వెనక మూడు ముద్రలున్నాయి, ఒకదాంట్లో ‘హెచ్’ మాత్రం చదవొస్తోంది, పక్కన నాలుగు కాళ్ల జంతువు, ఆ తర్వాత ‘ఎ’ అక్షరం. మా బావ అది సింహం, కాబట్టి లండన్ అంటాడు. కురుపాం మార్కెట్లో ఒక కొట్టులో వెండి శాతం చూపించే మెషీన్ మీద పెడితే 91.8 చూపించింది. లండన్ సరుకైతే 92.5 ఉండాలి, ఇది కాదు, కరిగించి కుంకుమ భరిణ చేయించుకోండి అన్నాడాయన. కరిగించాలా వద్దా అని ఇంట్లో ఒకటే గొడవ. మీరేమంటారు?

బీచ్‌రోడ్_బావ:
ఆ బావను నేనే. స్టెర్లింగ్ వెండికి, అంటే ఆ 92.5 శాతం వెండికి, ఇంగ్లండ్‌లో వేసేది నడుస్తున్న సింహం ముద్రే. ‘ఎ’ అంటే సంవత్సరాన్ని చెప్పే అక్షరం, ‘హెచ్’ అంటే చేసినవాడి పేరు. ఊరి ముద్ర ఏదీ అంటారేమో, చిన్న చెంచాలకు అన్నీ వేసేవాళ్లు కాదు. మెషీన్‌లో ఆ 0.7 తేడా పెద్ద లెక్కేం కాదు. నా ఓటు లండన్‌కే.

లెన్సు_మాష్టారు:
బావగారూ, చిన్న చెంచాలకు ముద్రలు తగ్గించేవారన్న మాట నిజమే, కానీ అది ఎక్కువగా 1780లకు ముందు సంగతి. అప్పట్లో ముద్రలు కాడ అడుగున, గిన్నె దగ్గర కొట్టేవారు, అవి నలిగిపోయేవి. ఫిడేలు కాడ బాగా వాడుకలోకి వచ్చింది 1800 తర్వాత. ఆ కాలపు ఇంగ్లీషు చెంచా మీద రాజుగారి తలో రాణిగారి తలో ఉండాలి, అది 1784 నుంచి 1890 దాకా పన్ను కట్టినట్టు గుర్తు. ఊరి ముద్ర కూడా చాలావాటి మీద కనబడుతుంది: లండన్‌కి చిరుతపులి తల, బర్మింగ్‌హామ్‌కి లంగరు, షెఫీల్డ్‌కి కిరీటం. (లంగరు చూసి ఓడ మీది సామాను అనుకునేవాళ్లు మన పోర్టు ఊళ్లో చాలామందే ఉంటారు. బర్మింగ్‌హామ్‌కి సముద్రమే లేదు!) మీ చెంచా మీద తలా లేదు, ఊరూ లేదు.

కంపెనీ కాలంలో ఇక్కడ వెండిని పరీక్షించి ముద్ర వేసే ప్రభుత్వ కార్యాలయం ఉండేది కాదు, అందుకే ఇక్కడి ఇంగ్లీషు కొట్లు ఎవరికి వాళ్లే ఇంగ్లండ్ ముద్రల్లా కనబడేవి కొట్టుకున్నారు. కలకత్తా హామిల్టన్ కంపెనీ ‘హెచ్ అండ్ కో’ పక్కన ఏనుగు బొమ్మ, ఒక అక్షరం వేసేది. మనవడు చెప్పిన మూడూ సరిగ్గా అవే. ఇక 91.8 సంగతి: రూపాయి నాణెంలో వెండి 91.67 శాతం, 1939 వరకూ అంతే. మనవాళ్లు రూపాయలు కరిగించి సామాను చేయించేవారు.

భీమిలి_పాతబస్తీ:
సింహం అంటే ఇంగ్లండే అని ఎవరన్నారండీ? హాలండ్‌లో 1814 నుంచి రెండో రకం వెండికి కూడా నడిచే సింహమే. మన భీమిలిలో 1825 దాకా డచ్చివాళ్లే కదా.

లెన్సు_మాష్టారు:
ఆ రెండో రకం 833 అండి, వందకు 83 పాళ్లు. 91.8 చూపించిన చెంచాకి అది పొసగదు.

కంసాలివీధి_కుర్రాడు:
నేను పనివాళ్ల ఇంటి నుంచే. ఆ మెషీన్ పై పొరని మాత్రమే చదువుతుంది. పనిలో వెండిని కాల్చి ఆమ్లంలో వేస్తాం కదా, పైనున్న రాగి పోయి లోపలికంటే పైన వెండి ఎక్కువ కనిపిస్తుంది. కాబట్టి 91.8 చూసి రూపాయి వెండి అనడం కూడా, లండన్ కాదనడం కూడా తొందరపాటే. పైగా నమూనా చేతికిస్తే ఆ కాలపు కంసాలి ఎవరైనా దించేవాడు, ముద్రతో సహా. అయిదు చెంచాలూ విడివిడిగా తూచండి. కాడ మందం, ముద్ర పడిన చోటు ఒకదానికీ మరొకదానికీ ఎంత తేడా ఉందో చూడండి.

బీచ్‌రోడ్_బావ:
కలకత్తా చెంచా విశాఖకి ఎలా వచ్చిందట మరి? అప్పట్లో ఇది మద్రాసు ప్రెసిడెన్సీ. తెచ్చుకుంటే మద్రాసు మౌంట్ రోడ్డులో పి. ఓర్ అండ్ సన్స్ కొట్టు నుంచి తెచ్చుకుంటారు.

లెన్సు_మాష్టారు:
తేవచ్చు, కానీ మీ ముద్రలో ‘హెచ్’ ఉంది, దానికి వాళ్లతో పొత్తు కుదరదు. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే లైను వాల్తేరు దాకా ఉండేది, దాని హెడ్డాఫీసు కలకత్తాలోనే. రైల్వే దొర ఒకాయన బదిలీ అయి వెళ్తూ సామాను అమ్మేసి ఉండొచ్చు. ఇది నా ఊహే, రుజువు కాదు. మనవడూ, ఒక పని చెయ్యి. పది రెట్ల లెన్సు పెట్టి జంతువు ముందు వైపు కాదు, వెనక వైపు చూడు. ఇంగ్లీషు సింహం ముందు కాలు ఎత్తి ఉంటుంది, అరిగితే అది తొండంలాగే కనబడుతుంది. తోక మాత్రం మోసం చేయదు: సింహానిది పైకి లేచి వీపు మీదికి వంగుతుంది, ఏనుగుది కిందికి వేలాడుతుంది. చూసేముందు చింతపండుతో గానీ వెండి పౌడరుతో గానీ తోమకు, ఉన్న గీత కూడా పోతుంది.

మహారాణిపేట_మనవడు:
చూశాను మాష్టారూ. మూడింట్లో వెనక వైపు నునుపుగా అరిగిపోయింది. ఒకదాంట్లో మాత్రం తోక పొట్టిగా, కిందికే ఉంది, వీపు మీద ఏమీ లేదు. అయిదోదాని మీద అసలు ముద్రే లేదు, తూచితే మిగతావాటికంటే బాగా తేలిక.

కంసాలివీధి_కుర్రాడు:
ఆ అయిదోది ఇక్కడ చేసిందే అయ్యుంటుంది. సెట్టులో ఒకటి పోతే ఇక్కడే చేయించి జత కలిపేవారు. కాడకీ గిన్నెకీ మధ్య అతుకు ఉందేమో చూడన్నా.

బీచ్‌రోడ్_బావ:
ఫోటో పెట్టకుండా తోక నమ్మను. కిటికీ దగ్గర పక్క వెలుతురులో తీసి పెట్టు, ఫ్లాష్ వద్దు. కొట్టువాడికి మాత్రం భరిణ సంగతి ఆగమని చెప్పు.