అప్‌డేట్: అంబాసిడర్ స్టీరింగ్ కాలమ్ స్విచ్ మార్చాము
మా నాన్నగారి 1994 అంబాసిడర్‌లో ఇండికేటర్ వేస్తే హెడ్‌లైట్లు మసకబారుతున్నాయని ఇంతకుముందు ఇక్కడ అడిగినప్పుడు, స్టీరింగ్ కాలమ్ స్విచ్‌నూ (స్టీరింగ్ కింద ఉండే ఇండికేటర్, లైట్ల మీట) దాని వైర్లనూ చూడమన్నారు. ఆ మాటే నిజమైంది. బ్యాటరీ నెగటివ్ తీసి కవర్ విప్పగా, తొడుగు పెళుసెక్కిన వైర్లలో రాగికి పచ్చగా చిలుము పట్టి ఉంది, డిప్పర్ (హెడ్‌లైట్ వెలుగును పైకీ కిందికీ మార్చే స్విచ్) కాంటాక్టు నల్లగా కాలిపోయింది. రెండు 55 వాట్ల బల్బులకు కావలసిన సుమారు 9 ఆంపియర్ల కరెంటు ఇన్నేళ్లూ ఆ చిన్న కాంటాక్టు గుండానే పోయింది కాబట్టి, విజయనగరంలోని ఆటో ఎలక్ట్రీషియన్ గారి సలహాపై రిలేలు (స్విచ్‌కు బదులు ఆ ఎక్కువ కరెంటును తామే మోసేవి), ఫ్యూజులు కూడా అమర్చాము. కొత్త స్విచ్ వైర్ల రంగులు పాతవాటితో కలవలేదు. ఒక్కొక్కదాన్నీ టెస్ట్ ల్యాంపుతో పోల్చుకుని, చీటీ కట్టి, టంకం వేయడానికే ఒక పూట పట్టింది. నిన్న రాత్రి చీపురుపల్లి దాకా వెళ్లివచ్చాము, వెలుగు ఎక్కడా తగ్గలేదు. హారన్ వైరు ఇంకా మార్చవలసి ఉంది.