పిల్లల ఈఎన్‌టీ ఫెలోషిప్: చెన్నైలోనే చూసుకోనా, బెంగళూరు వెళ్ళనా, బయటి దేశమా?

వేలచ్చేరి_ఈఎన్‌టీ

అందరికీ నమస్తే. ఎంఎస్ ఈఎన్‌టీ పూర్తయి రెండేళ్ళు అవుతోంది, చెన్నైలో ఒక ప్రైవేటు మెడికల్ కాలేజీలో సీనియర్ రెసిడెంట్‌గా ఉన్నాను. మాది ఒంగోలు. మా ఆయనకి ఇక్కడి ఐటీ రోడ్డు ఓఎమ్మార్‌లో ఉద్యోగం, పాపకి మూడేళ్ళు, మా అత్తగారు మాతోనే ఉంటారు కాబట్టి ఇంటి సంగతి కొంత నయం.

పిల్లల ఈఎన్‌టీలో ఫెలోషిప్ (పీజీ తర్వాత ఒకే విభాగంలో చేసే శిక్షణ) చేద్దామని ఎప్పటినుంచో ఉంది కానీ గట్టిగా అనిపించింది మాత్రం రెండు నెలల క్రితం. రాత్రి పదకొండింటికి పద్నాలుగు నెలల బాబుని తెచ్చారు, ఊపిరి తీసుకుంటుంటే గొంతులో కూత, పక్కటెముకల మధ్య చర్మం లోపలికి పోతోంది. ఏదో మింగాడని అనుమానం. మా దగ్గర చిన్నపిల్లల బ్రాంకోస్కోప్ (ఊపిరి దారిలోకి దించి చూసే గొట్టం) ఉంది, దానికి సరిపడే ఫోర్సెప్స్ (ఇరుక్కున్నదాన్ని పట్టి లాగేది) లేదు! కొనమని ఇండెంట్ పెట్టి ఆరు నెలలైందట. చివరికి పిల్లల ఆస్పత్రికి అంబులెన్స్‌లో పంపాం, దారంతా నేనే పక్కన కూర్చున్నాను, ఆక్సిజన్ మాస్క్ పట్టుకుని. బాబు బతికాడు. కానీ ఆ ఫోర్సెప్స్ ఉండి ఉంటే మాత్రం నేను చేయగలిగేదాన్నా అని ఇంటికొచ్చాక ఆలోచిస్తే, నిజం చెప్పాలంటే, లేదు. పీజీ మూడేళ్ళలో ఆ వంగని గొట్టంతో చేసే రిజిడ్ బ్రాంకోస్కోపీలు నేను చూసినవి వేళ్ళ మీద లెక్కపెట్టచ్చు, చేసింది సున్నా.

ఇప్పుడు అడిగేది ఏంటంటే, మన దేశంలో ఒక ఏడాది చేస్తే సరిపోతుందా, లేక బయటికి వెళ్తే తప్ప చేతికి కేసులు రావా? ఆ సర్టిఫికెట్‌కి తర్వాత విలువ ఉంటుందా? చెన్నైలో కాక్లియర్ ఇంప్లాంట్ (వినపడని పిల్లలకి లోపలి చెవిలో పెట్టే పరికరం) వైపు మంచి అవకాశాలు ఉన్నాయంటున్నారు, నాకేమో ఎయిర్‌వే (ఊపిరి దారి) మీద మనసు. మా నాన్న అయితే "ఇంకా ఎన్నేళ్ళు చదువుతావే, కార్పొరేట్‌లో చేరిపో" అంటున్నారు. ఆయనకీ ఒక జవాబు కావాలి.

హిందూపురం_బాస్

నేను బెంగళూరులో ఒక ఏడాది చేశాను, మూడేళ్ళయింది, కాబట్టి తాజాగానే చెప్పగలను.

ముందు సర్టిఫికెట్ సంగతి తేల్చేద్దాం. మన దగ్గర ఫెలోషిప్ అనే మాట కింద మూడు రకాల సరుకు ఉంది. జాతీయ పరీక్షల బోర్డు వాళ్ళ ఎఫ్‌ఎన్‌బీ ఒకటి, ఇక్కడ రాజీవ్ గాంధీ ఆరోగ్య విశ్వవిద్యాలయం లాంటి యూనివర్సిటీ కింద నడిచేవి ఒకటి, ఆస్పత్రి తన లెటర్‌హెడ్ మీద తనే ఇచ్చుకునేవి ఒకటి. ఏ సబ్జెక్టు, ఎన్ని సీట్లు అన్నది ఏ ఏడాదికా ఏడాది నోటిఫికేషన్ చూసే నమ్మండి, వాట్సాప్ ఫార్వర్డ్ చూసి కాదు. అసిస్టెంట్ ప్రొఫెసర్ పోస్టుకి లెక్కలోకి వచ్చేది ఎంఎస్, ఒక ఏడాది సీనియర్ రెసిడెన్సీ. అది మీకు ఉంది. ఫెలోషిప్ వల్ల టీచింగ్ పోస్టులో ఎవరూ కుర్చీ ఎత్తు పెంచరు, చేతికి పని వస్తుంది అంతే, ఆ అంతేనే మనకి కావాల్సింది.

ఇక అసలు విషయం. ఏ చోటు గురించైనా అక్కడి హెడ్‌ని అడక్కండి, పోయిన ఏడాది అక్కడ చేసి వెళ్ళిపోయిన ఫెలోకి ఫోన్ చేయండి. ఎడినాయిడ్లు, టాన్సిళ్ళు, గ్రోమెట్లు లాంటి మామూలు ఆపరేషన్లు ఎన్ని అని అడిగి టైం వేస్ట్ చేసుకోకండి, అవి మీకు ఎలాగూ వచ్చు. ఏడాది లోపు పిల్లలకి ట్రకియాస్టమీ (ఊపిరి కోసం మెడకి రంధ్రం పెట్టడం) ఎన్ని చేశావు, రిజిడ్ బ్రాంకోస్కోపీలో స్కోప్ నీ చేతిలో ఎన్నిసార్లు ఉంది, లారింగోమలేషియాకి (స్వరపేటిక మెత్తగా ఉండి ఊపిరికి అడ్డుపడడం) చేసే సుప్రాగ్లాటోప్లాస్టీ ఎన్ని చూశావు, ఎన్ని చేశావు, ఇవి అడగండి. "అసిస్ట్ చేశాను" అన్నదాన్ని కాస్త గుచ్చి అడగండి, రిట్రాక్టర్ పట్టుకోవడం కూడా అసిస్టే కదా. రెండు మూడు చోట్ల ఫెలో అంటే జీతం తక్కువ ఇచ్చే రిజిస్ట్రార్ అని అర్థం, ఓపీ చూడ్డం, డిశ్చార్జ్ సమ్మరీలు రాయడం, థియేటర్‌లోకి వెళ్ళేసరికి కేసు అయిపోయి ఉంటుంది. పేరు చెప్పను కానీ నా బ్యాచ్‌మేట్ ఒకడు అలాంటి చోట ఏడాది పోగొట్టుకున్నాడు.

నాది మాత్రం అదృష్టం. అనంతపురం, కదిరి, మదనపల్లె నుంచి పిల్లలంతా బెంగళూరుకే వస్తారు, మన వైపు చెనక్కాయలకి (పల్లీలకి) కొదవా? మొదటి నెలలోనే కదిరి పాప, రెండేళ్ళది, నాలుగు రోజులుగా పిల్లికూతలని ఊళ్ళో నెబ్యులైజర్ పెడుతున్నారు. ఎక్స్‌రేలో గింజ కనపడదు కదా, కుడి ఊపిరితిత్తి కొంచెం ఎక్కువ ఉబ్బినట్టు ఉంది, అంతే. లోపలికి వెళ్తే కుడి ఊపిరితిత్తిలోకి వెళ్ళే గొట్టం, బ్రాంకస్‌లో పల్లీ బద్ద, నాలుగు రోజులు నాని మెత్తబడి, చుట్టూ ఎర్రగా వాచిపోయి ఉంది. గట్టిగా పడితే పొడైపోతుంది, వదులుగా పడితే జారుతుంది. మేడం ఫోర్సెప్స్ నా చేతికి ఇచ్చారు. పట్టుకున్నాను, గింజ స్కోప్ గొట్టంలో పట్టదు కాబట్టి స్కోపు, ఫోర్సెప్స్, గింజ మూడూ కలిపి బయటికి తీస్తున్నాను, స్వరతంతువుల దగ్గరికి వచ్చాక జారిపోయింది. అసలు ఊపిరి గొట్టం ట్రకియాలో అడ్డం పడింది. సాచురేషన్ (రక్తంలో ఆక్సిజన్ శాతం) తొంభై, ఎనభై, డెబ్భై రెండు. మానిటర్ కూత శృతి దిగిపోతుంటే మన గుండె కూడా దాంతోపాటే దిగుతుంది. మేడం గొంతు పెంచలేదు. "మళ్ళీ కుడివైపుకే తోసెయ్" అన్నారు. తోశాను. ఎడమ ఊపిరితిత్తికి గాలి దొరికింది, నంబర్లు ఎక్కాయి, ఒక నిమిషం ఆగి రెండోసారి తీశాం. ఈ "వెనక్కి తోసెయ్" అన్నది పుస్తకంలో నేనూ చదివాను, ఆ క్షణంలో మాత్రం నాకు గుర్తు రాలేదు. పక్కన చెప్పే మనిషి ఉన్న చోటే చేరండి.

(బెంగళూరులో చెనక్కాయల జాతర, బసవనగుడి కడలెకాయి పరిషె వారంలో మా ఫెలోలం స్కోపులు తుడిచి రెడీగా పెట్టుకునేవాళ్ళం. జోకే, కానీ పూర్తిగా జోకు కాదు.)

మత్తు_మాస్టారు

చెన్నైలోనే ఇరవై రెండేళ్ళుగా పిల్లలకి మత్తు ఇస్తున్నానమ్మా, పైన బాబు చెప్పింది విన్నాక రెండు మాటలు.

ఆ డెబ్భై రెండు దగ్గర పిల్లని నిలబెట్టింది సర్జన్ ఒక్కరే అనుకోవద్దు, తలవైపు నిలబడ్డవాడు కూడా ఉంటాడు. నెలల పిల్లకి గొంతు కింద, క్రికాయిడ్ అనే మృదులాస్థి ఉంగరం దగ్గర, దారి సుమారు నాలుగు మిల్లీమీటర్లు. చుట్టూతా ఒక్క మిల్లీమీటరు వాపు వచ్చిందనుకో, మిగిలే దారి రెండు మిల్లీమీటర్లు, అంటే వైశాల్యం పావు వంతు. పెద్దవాళ్ళకి అదే వాపు వస్తే గొంతు బొంగురు అంతే. ఆ సన్నదారిలోనే నువ్వు స్కోపు పెడతావు, నేను గాలి పంపాలి, ఇద్దరికీ ఉన్నది ఒకటే గొట్టం. పిల్ల తనంతట తాను ఊపిరి తీసుకుంటూనే ఉండాలి, కదలకూడదు, దగ్గకూడదు. అది సమపాళ్ళలో కుదరాలంటే ఆ సర్జనూ ఆ మత్తు డాక్టరూ ఏళ్ళ తరబడి కలిసి పనిచేసినవాళ్ళై ఉండాలి.

అందుకని నువ్వు చూడ్డానికి వెళ్ళినప్పుడు థియేటర్‌లో ఒక పూట నిలబడు. మత్తు ఇచ్చేవాళ్ళు రోజుకొకరు మారుతున్నారా, ఒకరే వస్తున్నారా చూడు. కేసు మొదలుపెట్టే ముందు ఇద్దరూ మాట్లాడుకుంటున్నారా చూడు. పిల్లల ఐసీయూ అదే బిల్డింగులో ఉందా, రాత్రి రెండింటికి అక్కడ ఎవరుంటారు, అది అడుగు. ఇవి లేని చోట ఎంత గొప్ప సర్జనైనా కష్టమైన ఎయిర్‌వే కేసు ఒప్పుకోడు, ఒప్పుకోకపోతే నీకు నేర్చుకోవడానికి ఏముంటుంది?

మీ నాన్నగారికి చెప్పు, కార్పొరేట్ ఎక్కడికీ పోదు.

మైసూర్_ఆడియో

అందరూ ఎయిర్‌వే ఎయిర్‌వే అంటున్నారు, చెవి పక్షాన నేనొక్కదాన్నే ఉన్నట్టున్నాను. మైసూరు ఆయిష్‌లో (వినికిడి, మాటల జాతీయ సంస్థ) చదివి ఇప్పుడు చెన్నైలో పిల్లల ఇంప్లాంట్లకి మ్యాపింగ్ (ఎంత శబ్దం వినపడాలో సరిచేయడం) చేస్తుంటాను.

చెన్నైలో ఇంప్లాంట్ పని బలంగా ఉందన్న మాట నిజమే, మద్రాస్ ఈఎన్‌టీ రీసెర్చ్ ఫౌండేషన్ లాంటి చోట్లకి దేశమంతటి నుంచీ వస్తారు. కానీ ఫెలోగా మీకు మాస్టాయిడ్ డ్రిల్లింగ్ (చెవి వెనక ఎముక తొలచడం) దాకా ఇస్తారా, పోస్టీరియర్ టింపనాటమీ (అక్కణ్ణుంచి మధ్య చెవిలోకి దారి తీయడం) కూడా ఇస్తారా, ఎలక్ట్రోడ్ లోపల పెట్టడం దాకా రానిస్తారా అన్నది ముందే అడగాలి, చాలాచోట్ల మొదటిదాని దగ్గరే ఆగుతుంది. ఇంకోటి, ఆపరేషన్ రెండు మూడు గంటల పని, ఆ తర్వాత మా గదిలో రెండేళ్ళ పని. పుట్టిన నెలలోపు వినికిడి పరీక్ష, మూడు నెలల్లోపు నిర్ధారణ, ఆరు నెలల్లోపు మెషీనో థెరపీయో మొదలు అని నియమం చెబుతాం. నా దగ్గరికి వచ్చే మన తెలుగు పిల్లల్లో చాలామంది "మగపిల్లలకి మాటలు ఆలస్యం, వాళ్ళ మామయ్యకీ అంతే" అని మూడేళ్ళు వచ్చేదాకా ఆగినవాళ్ళే. ఫెలోషిప్‌లో వారానికి ఒక పూట ఆడియాలజీలో కూర్చోబెట్టే చోటు దొరికితే వదలకండి. ఎయిర్‌వే సర్జన్‌కైనా అది వృథా పోదు.

టొరంటో_చలి

గుంటూరు నుంచి వచ్చి ఇక్కడ సిక్ కిడ్స్ పిల్లల ఆస్పత్రిలో ఫెలోగా ఉన్న నా సీనియర్‌ని దగ్గర్నుంచి చూశాను, నేను మాత్రం పెద్దవాళ్ళ ఈఎన్‌టీ. బయటి దేశాల సంగతి రాస్తాను, పైవాళ్ళు దాన్ని తేలిగ్గా వదిలేశారు.

అమెరికాలో పిల్లల ఈఎన్‌టీ ఫెలోషిప్ మామూలుగా ఒక ఏడాది, వాళ్ళ అయిదేళ్ళ రెసిడెన్సీ తర్వాత, ఎస్‌ఎఫ్ మ్యాచ్ అనే సీట్ల కేటాయింపు ద్వారా. మనలాంటివాళ్ళు పేషంటు మీద చెయ్యి వేయాలంటే యూఎస్‌ఎంఎల్‌ఈ పరీక్షలు, ఈసీఎఫ్‌ఎంజీ సర్టిఫికెట్ అన్నీ కావాలి, అదంతా ఇప్పుడు మొదలుపెడితే పాప స్కూలుకి వెళ్ళే వయసొస్తుంది. అబ్జర్వర్‌గా వెళ్ళి చేతులు కట్టుకుని నిలబడి రావడం వేరే సంగతి, దానికీ ఖర్చు మనదే. ఇంగ్లండులో మెడికల్ ట్రైనింగ్ ఇనిషియేటివ్ అని ఉంది, గరిష్ఠంగా రెండేళ్ళు, ఇంగ్లీషు పరీక్ష ఓఈటీలో నాలుగు విభాగాల్లోనూ బీ గ్రేడ్ రావాలి, లేదంటే ఐఈఎల్‌టీఎస్ మొత్తం ఏడున్నర, ఏ విభాగంలోనూ ఏడుకి తగ్గకుండా. ఎంఆర్‌సీఎస్ ఈఎన్‌టీ (అక్కడి సర్జన్ల కాలేజీల పరీక్ష) రాసినవాళ్ళకి జీఎంసీ (అక్కడి మెడికల్ కౌన్సిల్) రిజిస్ట్రేషన్‌కి ఇంకో దారి దొరుకుతుంది. కెనడాలో మన డిగ్రీతోనే ట్రైనింగ్ లైసెన్సు మీద తీసుకునే చోట్లు ఉన్నాయి, పోటీ ఎక్కువ.

మరి ఎందుకు రావడం అంటే, సబ్‌గ్లాటిక్ స్టెనోసిస్ (స్వరతంతువుల కింద దారి సన్నబడడం) లాంటివాటి కోసం. అమెరికాలోని సిన్సినాటిలో రాబిన్ కాటన్ అనే సర్జన్ పక్కటెముక మృదులాస్థి ముక్కతో గొంతు దారిని వెడల్పు చేసే పద్ధతిని పెంచి పోషించాడు కదా, ఆ దారి ఎంత సన్నబడిందో చెప్పడానికి మనం చదివే కాటన్ మైయర్ గ్రేడింగ్‌లో కాటన్ ఆయనే. అలాంటి సెంటర్లలో ఒకే పిల్లని ఈఎన్‌టీ, ఊపిరితిత్తుల డాక్టరు, గ్యాస్ట్రో, స్పీచ్ థెరపిస్ట్ ఒకే పూట కలిసి చూస్తారు. ఎసిడిటీ అదుపులో లేకపోతే గ్రాఫ్ట్ పెట్టరు, ఆపరేషన్ ఆర్నెల్లు వాయిదా వేస్తారు. ఆ ఓపిక నేర్చుకోవడానికైనా రావచ్చు. కానీ హిందూపురం బాస్ ఒక విషయంలో కరెక్టు, ఫారిన్ బాడీ (ఊపిరి దారిలో ఏదో ఇరుక్కున్న) కేసులు ఇక్కడికంటే మన దగ్గరే ఎక్కువ చేతికి వస్తాయి. ముందు ఇండియాలో ఒక ఏడాది, చెయ్యి తిరిగాక ఇక్కడికి. నా సీనియర్ తలకిందులుగా చేసి, వచ్చిన మొదటి మూడు నెలలు ఏడ్చింది.

నెల్లూరు_అమ్మ

డాక్టరమ్మ గారూ, నేను డాక్టర్ని కాదు, గూగుల్‌లో ట్రకియాస్టమీ అని వెతుకుతుంటే ఇది దొరికింది. మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోవద్దు.

మా బాబు ఏడో నెలలో పుట్టాడు, కేజీ యాభై గ్రాములు. నలభై రోజులు వెంటిలేటర్. ట్యూబు తీస్తే ఊపిరి ఆడలేదు, గొంతు లోపల సన్నబడిపోయిందని చెప్పి మెడకి రంధ్రం పెట్టారు. ఆ మొదటి ఆస్పత్రి వాళ్ళు ట్యూబులో కఫం లాగే సక్షన్ మిషను కొనమని చీటీ రాసిచ్చి ఇంటికి పంపారు. ఎలా వాడాలో ఎవరూ చెప్పలా. వాడు ఏడుస్తుంటే కన్నీళ్ళు కారతాయి, నోరు తెరుచుకుంటుంది, శబ్దం రాదు. రాత్రి నేను నిద్రపోతే వాడు ఏడ్చినా నాకు తెలీదు కదా అని వాడి కాలికి మువ్వ కట్టి, ఆ కాలు నా చేతిలో పెట్టుకుని పడుకున్నా.

తర్వాత చెన్నై తెచ్చాం. అక్కడ ఒక ఫెలో డాక్టరు, మీ వయసే ఉంటుంది, మూడు రోజులు నా పక్కన కూర్చుని నేర్పించింది. ట్యూబు పొడవు ఎంతో అంత దగ్గర పైపు మీద గుర్తు పెట్టి, దాన్ని దాటి గుచ్చొద్దు, పది లెక్కపెట్టేలోపు బయటికి తీసెయ్ అంది. నన్ను ముక్కు మూసుకుని స్ట్రాతో గాలి పీల్చమంది, మీ బాబుకి ఇలా ఉంటుంది అంది. బ్యాగులో ఎప్పుడూ ఒక సైజు చిన్న ట్యూబు, కత్తెర, తాడు ఉండాలంది. కరెంటు పోతే వాడేందుకు కాలితో తొక్కే సక్షన్ మిషను కూడా తనే చూపించింది. ఆ చిన్న ట్యూబు రెండు సార్లు వాణ్ణి కాపాడింది, ఒకసారి గూడూరు దగ్గర రైల్లో.

రెండున్నరేళ్ళకి పక్కటెముక ముక్క పెట్టి పెద్ద ఆపరేషన్ చేశారు పెద్ద డాక్టరు గారు. ఆయనకి దణ్ణం పెడతాం. కానీ మాకు గుర్తుండేది ఆ అమ్మాయే. ఇప్పుడు యూకేజీ, రోజంతా అరుస్తూనే ఉంటాడు. నేర్చుకునేటప్పుడు ఈ సక్షన్ నేర్పించడం కూడా నేర్చుకోండి అని చెబుదామని రాశా.

వేలచ్చేరి_ఈఎన్‌టీ

నెల్లూరు అమ్మ గారూ, మీ మెసేజ్ మా అత్తగారికి చదివి వినిపించాను, ఆవిడ లేచి వెళ్ళి మా పాపని ఎత్తుకున్నారు. థాంక్స్ అని ఊరుకుంటే చాలదు కానీ అంతకంటే రాయలేకపోతున్నాను. మా వార్డులో ట్రకియాస్టమీ పిల్లలు ఇద్దరున్నారు, ఇవాళ పొద్దున వాళ్ళ అమ్మల్ని అడిగితే ఒకావిడకి సక్షన్ పైపు ఎంత లోతు పెట్టాలో ఎవరూ చెప్పలేదట. మా వార్డే. నేను రోజూ రౌండ్లకి వెళ్ళే వార్డు.

మాస్టారూ, బాస్ గారూ, అర్థమైంది. ముందు ఇండియాలోనే ఒక ఏడాది. చెన్నైలో రెండు చోట్ల పాత ఫెలోలకి ఫోన్ చేశాను, ఒకరు నిజం చెప్పారు, ఒకరు "చాలా బాగుంటుంది మేడం" అని పెట్టేశారు, అదీ ఒక జవాబే అనుకుంటాను. బెంగళూరులో మీరు చేసిన చోట ఒక పూట థియేటర్ చూడ్డానికి రానిస్తారా? స్టైపెండ్ ఎంత అన్నది ఇక్కడ రాయక్కర్లేదు, మెసేజ్ చేయండి. మా నాన్న అడుగుతారు.

హిందూపురం_బాస్

రానిస్తారు, మేడంని అడిగాను. ఎయిర్‌వే కేసులు బుధవారం. మంగళవారం రాత్రి మెయిల్ రైలు ఎక్కితే తెల్లారకముందే కంటోన్మెంట్ స్టేషన్‌లో దిగచ్చు. స్వెటర్ తెచ్చుకోండి, థియేటర్ చెన్నైలో లాగా ఉండదు. స్టైపెండ్ మెసేజ్ పెట్టాను, కూర్చుని చదవండి.