అకాడియాలో కాడిలాక్ కొండ: నాన్నగారితో ఏ దారి?

బోస్టన్_గుంటూరు:
సెప్టెంబరు మొదట్లో అమెరికాలో మెయిన్ రాష్ట్రంలోని అకాడియా నేషనల్ పార్కుకి వెళ్తున్నాం. కాడిలాక్ శిఖరం రోడ్డుకి కారు రిజర్వేషన్ దొరకలేదు. నడిచి ఎక్కాలని నాన్నగారి పట్టుదల. వయసు 62, రోజూ వాకింగ్ చేస్తారు, కాకపోతే ఎడమ మోకాలు కాస్త పేచీ. పైకి వెళ్లే కాలిబాటల్లో నార్త్ రిడ్జా, సౌత్ రిడ్జా? అన్నట్టు, దేశంలో మొదటి సూర్యోదయం అక్కడేనట కదా?

కొండలరావు:
రిజర్వేషన్ కార్లకే అండీ, నడిచేవాళ్లకి అక్కర్లేదు. పార్క్ పాస్ మాత్రం ఉండాలి. మీకు నార్త్ రిడ్జే నయం, రానుపోను 4.4 మైళ్లు. సౌత్ రిడ్జ్ ఏడు మైళ్లకు పైనే.

ఎత్తు 1,530 అడుగులే కదా, తిరుమల నడిచి ఎక్కినవాళ్లం మనకిదో లెక్కా అనుకోకండి. చాలాచోట్ల ఏటవాలు గ్రానైట్ బండల మీదే నడక. తడిస్తే జారుడు. మోకాలికి అసలు పరీక్ష దిగేటప్పుడు, చేతికర్రలు రెండు పట్టించండి. నీడ తక్కువ, గాలి ఎక్కువ. పొగమంచు కమ్మితే రాళ్ల మీది నీలం గుర్తులూ, పేర్చిన రాతి గుట్టలూ చూసుకుంటూ నడవాలి. సముద్రం వైపు మబ్బు దిగుతుంటే నేనైతే ఎక్కను.

మెయిన్_మామయ్య:
ఐలాండ్ ఎక్స్‌ప్లోరర్ బస్సు ఉచితమే, కానీ శిఖరం మీదికి వెళ్లదు. పైన అలిసిపోతే బస్సెక్కి దిగొచ్చులే అనే ధీమా వద్దు. మొదటి సూర్యోదయం మాట అక్టోబరు 7 నుంచి మార్చి 6 దాకానే నిజం. సెప్టెంబరులో చీకట్లో లేవడం దేనికి బాబూ, టిఫిన్ చేసి బయల్దేరండి.