పెళ్ళయ్యాక పుట్టింటికి డబ్బు: చెప్పి పంపాలా, అడిగి పంపాలా?

నగరి అమ్మాయి, శనివారం రాత్రి 9:20

నేను తిరుపతిలో ఒక ప్రైవేటు ఆఫీసులో అకౌంట్స్ చూస్తాను. చేతికి 34 వేలు వస్తుంది. మావారికి 46 వేలు. పెళ్ళయి మూడేళ్ళయింది. పెళ్ళిచూపుల్లో అత్త మొదట అడిగిన మాట నాకింకా గుర్తుంది: "పెళ్ళయ్యాక కూడా ఉద్యోగం చేస్తావు కదా పాపా?" చేస్తానన్నాను. అందరూ సంతోషపడ్డారు.

మా నాయనకు నగరిలో రెండు పవర్‌లూమ్ మగ్గాలు ఉండేవి. నేను, చెల్లి ఇద్దరమే, అన్నదమ్ములు లేరు. నా చదువుకు ఒక మగ్గం పోయింది, పెళ్ళికి రెండోది పోయింది. పెళ్ళి అప్పు ఇంకా కొంత మిగిలే ఉంది. ఇప్పుడు ఆయన వేరేవాళ్ళ షెడ్డులో కూలికి పోతున్నారు. ముప్పై ఏళ్ళు ఆ మగ్గాల మోతలో ఉండి ఉండి చెవులు సరిగా వినపడవు. ఫోన్‌లో నేనొకటి అడిగితే ఆయనొకటి చెబుతారు. పెళ్ళయిన నెల నుంచీ అమ్మ ఖాతాకు 8 వేలు వేస్తున్నాను. మావారికి మొదటి నుంచీ తెలుసు.

పోయిన వారం అత్తకు తెలిసింది. గొడవేమీ చేయలేదు. అన్నం వడ్డిస్తూ, "మా ఇంటికొచ్చిన పిల్ల జీతం మా ఇంటిది కాదా పాపా" అన్నారు. ఆ రాత్రి మావారు, "ఇకమీద అమ్మను ఒక మాట అడిగి పంపు" అన్నారు.

ఆయన తన తమ్ముడి కాలేజీ ఫీజు కడతారు. కట్టాక నాకు చెబుతారు. నన్నెప్పుడూ అడగలేదు. తమ్ముడు కదా అని నేనూ ఏమీ అనలేదు. మరి నాకు మాత్రం అడగాలి అనే రూలు ఎందుకు? అడిగితే, ఏదో ఒక నెల వద్దంటారు. అప్పుడు నాయనకు ఏం చెప్పాలి? నేను చేస్తున్నది తప్పయితే తప్పని చెప్పండి, వింటాను.

పాకాల మాస్టారు, శనివారం రాత్రి 10:05

అమ్మా, నువ్వు తప్పు చేస్తున్నావని నేను అనను. కానీ అడగడం అంటే చిన్నతనం అని ఎందుకు అనుకుంటున్నావు? 34 వేలల్లో 8 వేలంటే దాదాపు నాలుగో వంతు. ఒక ఇంట్లో నలుగురు బతికేటప్పుడు అంత డబ్బు బయటికి పోతుంటే పెద్దవాళ్ళకు ఒక మాట ఉండాలి. నేను టీచరు ఉద్యోగంలో చేరాక కూడా పదేళ్ళు జీతం తెచ్చి మా నాయన చేతికే ఇచ్చాను. చొక్కా గుడ్డ కావాలన్నా ఆయన్నే అడిగాను. నా గౌరవం ఏమీ తగ్గలేదు. నీ జీతం, నా జీతం అని గీత గీసుకుంటూ పోతే ఆ ఇల్లు నాలుగు గదుల లాడ్జి అవుతుంది. ఈ కాలం పిల్లలందరి మీదా నాకున్న దిగులు అదే.

శ్రీసిటీ బి షిఫ్టు, శనివారం రాత్రి 11:48

మాస్టారూ, నమస్తే. మీరు మీ నాయనను అడిగారు. మీ ఇంటావిడ కూడా మీ నాయననే అడిగి ఉంటారు. ఆమె వాళ్ళ నాయనకు ఏదైనా పంపాలనుకుంటే ఎవరిని అడిగారు? అడగ్గలిగారా?

ఇప్పుడే షిఫ్టు దిగి హాస్టల్‌కు వచ్చాను. నాకు 23 ఏళ్ళు, ఫోన్లు బిగించే లైనులో పని. నా పక్కన ఉన్నవాళ్ళంతా ఆడపిల్లలే. అందరం ఇంటికి పంపేవాళ్ళమే. మాకు సంబంధాలు చూస్తున్నారు. మొన్న ఒకాయన మా అమ్మను జీతం ఎంతని అడిగాడు. తర్వాత, "ఏటీఎం కార్డు ఎవరి దగ్గర ఉంటుంది?" అన్నాడు. నేను అక్కడే కూర్చుని ఉన్నాను.

కొర్లగుంట ఈఎంఐ, ఆదివారం ఉదయం 7:15

అబ్బాయి వైపు నుంచి కూడా ఒకరు మాట్లాడాలి కదా. మేము ఫ్లాటు కొన్నప్పుడు బ్యాంకువాళ్ళు ఇద్దరి జీతాలు చూసే లోను ఇచ్చారు. నా ఒక్కడి జీతానికైతే అంత ఇచ్చేవాళ్ళు కాదు. నెలకు 21,500 కట్టాలి. నా భార్య కూడా పుట్టింటికి 6 వేలు పంపుతుంది. ఆమెను ఏనాడూ ఒక మాట అనలేదు. కానీ నాలుగో తేదీ రాత్రి ఖాతాలో డబ్బు చూసుకుంటుంటే నాకు వచ్చే టెన్షన్ నాకే తెలుసు. ఈ విషయం పెళ్ళికి ముందే మాట్లాడుకుని ఉంటే చిన్న ఇల్లు చూసుకునేవాళ్ళం. నేను అడుగుతున్నది పర్మిషన్ కాదు, లెక్క. పెళ్ళి మాటల్లో బంగారం ఎన్ని సవర్లని గంటసేపు మాట్లాడుకుంటాం, ఇది మాత్రం ఎవరూ ఎత్తరు.

నగరి అమ్మాయి, ఆదివారం ఉదయం 7:40

అన్నా, మాకూ లోను ఉంది. నా వాటా 15 వేలు, ప్రతి నెలా ఐదో తేదీన నా ఖాతా నుంచే పోతుంది. ఒక్క నెల కూడా ఆగలేదు. 8 వేలు పోగా మిగిలిన 11 వేలు కూరగాయలకు, పాలకు, గ్యాస్‌కు, నా బస్సుకు. చివరి చీర ఎప్పుడు కొనుక్కున్నానో గుర్తులేదు.

బాలాజీ కాలనీ లెక్చరర్, ఆదివారం ఉదయం 11:30

లెక్క అన్నారు కాబట్టి రెండో లెక్క కూడా పక్కన పెడదాం. 2019లో కేంద్ర ప్రభుత్వ గణాంకశాఖ దేశమంతా సర్వే చేసింది, జనం రోజులో ఏ పనికి ఎంతసేపు ఖర్చు పెడుతున్నారని. ఇంట్లో జీతం లేని పని చేసేవాళ్ళలో ఆడవాళ్ళు రోజుకు సగటున 299 నిమిషాలు చేస్తుంటే, మగవాళ్ళు 97 నిమిషాలు చేస్తున్నారని అప్పుడు తేలింది. ఐదు గంటలకు ఒక్క నిమిషం తక్కువ. వంట, గిన్నెలు, బట్టలు, ఊడవడం అన్నీ అందులోవే. ఈ అమ్మాయి 34 వేలు తెచ్చి, తర్వాత ఆ ఐదు గంటలూ ఇస్తోంది. దానికి ఎవరూ ధర కట్టరు. 8 వేలకు మాత్రం లెక్క అడుగుతారు.

నేను పద్మావతి మహిళా విశ్వవిద్యాలయంలో చదివాను. 1983లో అది పెట్టినప్పుడు మా అమ్మ ఇంటర్ అయిపోయి ఇంట్లో ఉంది. సీటు వస్తుందన్నా పంపలేదు. నన్ను పంపారు. ఇప్పుడు ఆడపిల్లల్ని చదివిస్తున్నాం, ఉద్యోగాలు చేయిస్తున్నాం. ఆ చదువుకు మగ్గం అమ్మిన మనిషిని మాత్రం పెళ్ళి మరునాటి నుంచి బయటివాడిగా లెక్కకడుతున్నాం. నాకు కడుపు మండేది అక్కడే.

చిత్తూరు వకీలు, ఆదివారం మధ్యాహ్నం 2:10

చెల్లెమ్మా, ఇరవై ఏళ్ళుగా కుటుంబ కేసులు చూస్తున్నాను. చట్టం వైపు నుంచి నాకు తెలిసింది చెబుతాను. కాస్త పెద్దదవుతుంది, ఓపికగా చదువు.

ఒకటి, నీ జీతం నీదే. 1956 హిందూ వారసత్వ చట్టం 14వ సెక్షన్ ప్రకారం ఆడమనిషి తన నైపుణ్యంతో, తన కష్టంతో సంపాదించిన ఆస్తికి ఆమే పూర్తి యజమాని. అత్తగారింటికి అందులో హక్కు లేదు, పుట్టింటికీ లేదు.

రెండోది చాలామందికి తెలియదు. తల్లిదండ్రులను చూసుకోవడం నీ ఇష్టం మాత్రమే కాదు, నీ బాధ్యత కూడా. 1987లో సుప్రీంకోర్టుకు ఒక కేసు వచ్చింది. తండ్రి పోషణ ఖర్చు అడిగాడు. కూతురు డాక్టరు. పెళ్ళయింది కాబట్టి నాకు సంబంధం లేదని వాదించింది. కోర్టు ఒప్పుకోలేదు. కొడుకుకు ఎంత బాధ్యతో, పెళ్ళయిన కూతురికీ అంతే అంది. 2007లో వచ్చిన వృద్ధుల సంక్షేమ చట్టంలో కూడా పిల్లలంటే కొడుకు, కూతురు ఇద్దరూ అని రాసే ఉంది. ఆ చట్టం కింద తల్లిదండ్రులు ఆర్డీవో స్థాయి ట్రిబ్యునల్‌కు అర్జీ పెట్టుకోవచ్చు. మీ నాయన నీ మీద అర్జీ పెడతాడని కాదు. నువ్వు పంపే 8 వేలను ఎవరూ దానం అని, దుబారా అని అనకూడదని చెబుతున్నాను.

మూడోది చెప్పడానికి నాకే బాధగా ఉంటుంది. మొదట చెప్పిన వారసత్వ చట్టంలోనే 15వ సెక్షన్ ఉంది. వీలునామా రాయకుండా హిందూ స్త్రీ చనిపోతే ఆమె ఆస్తి మొదట పిల్లలకు, భర్తకు పోతుంది. వాళ్ళెవరూ లేకపోతే భర్త వారసులకు పోతుంది. వాళ్ళ తర్వాతే ఆమె అమ్మానాన్నలు. పుట్టింటి నుంచి వారసత్వంగా వచ్చిన ఆస్తి అయితే, పిల్లలు లేనప్పుడు తండ్రి వారసులకు తిరిగి పోతుందని ఒక మినహాయింపు ఉంది. సొంతంగా సంపాదించిన దానికి ఆ మినహాయింపు లేదు. 2009లో సుప్రీంకోర్టు తీర్పు చూడండి. ఒకామెకు పెళ్ళయిన మూడు నెలలకే భర్త పోయాడు. అత్తింటివాళ్ళు గెంటేశారు. పుట్టింటివాళ్ళు చదివించారు. ఉద్యోగం చేసి సంపాదించింది. వీలునామా రాయకుండా పోయింది. కన్నతల్లి కోర్టుకు వెళ్ళింది. ఆ డబ్బు భర్త అక్కచెల్లెళ్ళ బిడ్డలకు పోయింది. సానుభూతితో చట్టాన్ని మార్చలేమంది కోర్టు.

కాబట్టి ఇది చదివే ఉద్యోగస్తురాళ్ళు అందరూ వీలునామా రాయండి. తెల్లకాగితం చాలు. ఇద్దరు సాక్షుల ఎదుట సంతకం పెట్టాలి, వాళ్ళూ పెట్టాలి. వాటా వచ్చేవాళ్ళు సాక్షులుగా లేకుండా చూసుకుంటే మంచిది. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, చేయిస్తే తర్వాత వాదనలు తగ్గుతాయి. బ్యాంకులో నామినీ పేరు రాశాం కదా అనుకోవద్దు. నామినీ డబ్బు తీసుకుంటాడు, అంతమాత్రాన అది అతని సొంతం కాదు.

పాకాల మాస్టారు, ఆదివారం సాయంత్రం 5:50

వకీలమ్మా, మూడోది చదివి చాలాసేపు ఊరికే కూర్చున్నాను. నాకు ఇద్దరు ఆడపిల్లలు, ఇద్దరూ ఉద్యోగస్తులే. ఈ సంగతి నాకు తెలియదు.

శ్రీసిటీ పాప అడిగిన దానికి కూడా జవాబు చెప్పాలి. మా ఆవిడను అడిగాను. "మా నాయనకు బాగలేనప్పుడు కూడా పంపాలని అడగలేదు. అడిగితే మీ నాయన ఏమంటారో అని భయం" అంది. నలభై ఏళ్ళలో ఈ మాట నాతో అనడం ఇదే మొదటిసారి. అయినా ఇంట్లో డబ్బు సంగతి అందరికీ తెలిసి ఉండాలనే మాట మీద నేను ఇంకా నిలబడతాను. అడగాలి అన్నదాన్ని మాత్రం వెనక్కి తీసుకుంటున్నాను.

ఇంకొకటి. మా పెద్దమ్మాయి రెండేళ్ళుగా డబ్బు పంపుతానంటోంది. నేనే వద్దంటున్నాను. కూతురి సొమ్ము తినకూడదని మా అమ్మ చెప్పింది, అది లోపల అట్లే ఉండిపోయింది.

పలమనేరు పాడి, ఆదివారం సాయంత్రం 6:25

మాస్టారు చివర చెప్పిందే అసలు ముడి. మన పద్ధతిలో పుట్టింటి నుంచి అత్తింటికి పోవడమే ఉంది. పండగకు చీర, కాన్పుకు సారె, అల్లుడికి ఉంగరం. తిరుపతి గంగమ్మ జాతరకు తిరుమల నుంచి సారె వస్తుంది, అన్న చెల్లెలికి పంపినట్టు. చూడముచ్చటగా ఉంటుంది, నేను ప్రతి ఏడూ పోతాను. కానీ కూతురు పుట్టింటికి పంపే దానికి మనకు పేరే లేదు. పేరు లేనిది కాబట్టి పంపేవాళ్ళూ దాచుకుని పంపుతారు, తీసుకునేవాళ్ళూ తల వంచుకుని తీసుకుంటారు.

ఇంకో మాట. మన కొండమీది స్వామి కథలో పెళ్ళికి కుబేరుడి దగ్గర అప్పు చేసింది పెళ్ళికొడుకు. మన ఇళ్ళల్లో పెళ్ళికూతురి నాయన చేస్తున్నాడు. ఆ అప్పు కూతురు తీరుస్తుంటే అడ్డం పడడం న్యాయం కాదు.

చంద్రగిరి అత్త, ఆదివారం రాత్రి 8:40

నేను చెబుతుంటే మా మనవరాలు టైపు చేస్తోంది. నాకు ఇద్దరు కోడళ్ళు, ఒక కూతురు. అందరూ అత్తను తప్పు పడుతున్నారు. ఆ అమ్మకు నొప్పి ఎక్కడ తగిలిందో ఎవరూ చూడలేదు. మూడేళ్ళు ఒకే ఇంట్లో ఉంటూ, ఒకే గిన్నెలో వండుకుంటూ, ఈ సంగతి ఆమెకు తెలియకపోవడం నొప్పి. 8 వేలు కాదు.

కానీ పాపా, దాచింది నువ్వు కాదు. మీ ఆయనకు మొదటి నెల నుంచే తెలుసన్నావు. వాళ్ళమ్మకు చెప్పాల్సింది వాడు. "అమ్మా, ఆమె వాళ్ళ నాయనకు ఇంత పంపుతోంది, నేను తమ్ముడి ఫీజు కట్టినట్టే" అని ఒక్క మాట చెప్పి ఉంటే ఇంత దూరం రాదు. చెప్పకుండా ఉండి, ఇప్పుడు నిన్ను అమ్మను అడుగు అంటున్నాడు. తన బరువు నీ నెత్తిన పెట్టాడు. కొడుకులు ఇట్లే చేస్తారు, నా కొడుకులూ చేశారు. మధ్యలో మేమూ మీరూ ముఖాలు మాడ్చుకుంటాం.

నేను పాలు పోసి సంపాదించిన దాంట్లో మా అమ్మకు ఇరవై, ముప్పై రూపాయలు పంపేదాన్ని. మా ఊరి నుంచి ఎవరు వచ్చినా వాళ్ళ చేతికి ఇచ్చేదాన్ని. మా ఆయనకు తెలియనిచ్చేదాన్ని కాదు. ఇప్పుడు నా కూతురు బెంగళూరులో ఉంది, బాగా సంపాదిస్తుంది, నాకేమీ పంపదు. వాళ్ళత్త ఏమంటుందో అని నేనే అడగలేదు. నా కోడళ్ళు వాళ్ళమ్మకు పంపుతున్నారా అని కూడా ఈరోజు దాకా నేను అడగలేదు. రేపు అడుగుతాను.

కొర్లగుంట ఈఎంఐ, ఆదివారం రాత్రి 9:05

అత్తమ్మా, మీరు చెప్పింది నాకూ తగిలింది. నా భార్య పంపుతున్నట్టు మా అమ్మకు నేనూ చెప్పలేదు.

నగరి అమ్మాయి, తర్వాతి ఆదివారం ఉదయం 10:20

ఇంతమంది ఇంత సమయం పెట్టారు, అందుకే జరిగింది చెబుతున్నాను. చంద్రగిరి అత్తమ్మ రాసింది మావారికి చదివి వినిపించాను. మొదట కోపం వచ్చింది. రెండు రోజులు సరిగా మాట్లాడలేదు. గురువారం రాత్రి అన్నం తినేటప్పుడు ఆయనే వాళ్ళమ్మకు చెప్పారు, మూడేళ్ళ నుంచి తనకు తెలుసని, చెప్పకపోవడం తన తప్పని. తమ్ముడి ఫీజు సంగతి కూడా ఎత్తారు. అత్త ఏమీ అనలేదు. మజ్జిగ పోసి లోపలికి వెళ్ళారు. ఇప్పటికీ నాతో ముభావంగానే ఉన్నారు.

ఐదో తేదీన లోను 15 వేలు పోయింది, అమ్మకు 8 వేలు వేశాను. సాయంత్రం ఇద్దరికీ చెప్పాను. అడగలేదు.

వకీలు అక్కా, వీలునామా కాగితం రాసుకున్నాను. ఒక సాక్షి మా ఆఫీసులో దొరికింది. రెండో సాక్షిగా మావారి స్నేహితుణ్ణి అడిగితే, మావారికి చెప్పి సంతకం పెడతానన్నాడు. వద్దన్నాను. ఇంకొకరిని చూస్తున్నాను.