దురద మాత్ర ముందా, కారణం వెతకడం ముందా? చిన్న కుక్క ఉన్నవాళ్లు చెప్పండి

నిద్రలేని_ఇల్లు:
మా చిట్టి షిట్జూ, వయసు 3 ఏళ్లు, బరువు నాలుగున్నర కిలోలు. రెండు నెలలుగా ఒకటే గోకుడు. పాదాలు నాకి నాకి తెల్లటి బొచ్చు కాస్తా ఇటుక రంగుకి తిరిగింది, చెవులు లోపల ఎర్రగా కందిపోయాయి, అర్ధరాత్రి మంచం కింద కాలు నేలకేసి టపటపా కొట్టుకుంటుంటే ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు. డాక్టర్ గారు ఓక్లాసిటినిబ్ మాత్రలు రాశారు. మా ఆయన వేయనివ్వడం లేదు. "మాత్ర వేస్తే దురద పోతుంది సరే, ఎందుకొచ్చిందో మాత్రం ఎప్పటికీ తెలీదు, ముందు తిండి మార్చి చూద్దాం" అంటారు. నాకేమో అది పడే బాధ చూడలేక ఇవాళే వేసేయాలని ఉంది. మీరైతే ఏం చేస్తారు?

పాత_చెప్పు:
మీ ఆయన మాటే నా మాట. మా పగ్‌కి ఏడాదిన్నర పాటు స్టెరాయిడ్ మాత్రలు, ప్రెడ్నిసొలోన్, ఆపి ఆపి వేశాం. వేసిన రెండో రోజుకి దురద మాయం, ఆపిన వారానికి మళ్లీ మొదలు. ఈలోపు వాడు గిన్నెలకి గిన్నెలు నీళ్లు తాగడం, ఇల్లంతా ఉచ్చ, ఎంత పెట్టినా ఆకలి, పొట్ట జారిపోవడం. ఇన్నాళ్లలో ఏం తింటున్నాడని అడిగినవాళ్లు ఒక్కరు లేరు. చివరికి 8 వారాలు ఇంతకుముందు ఎప్పుడూ తినని ఒకే ఒక మాంసంతో తిండి పెడితే తేలింది, వాడికి పడనిది చికెన్. అది మానేశాక మాత్ర ముట్టలేదు.

నాలుగో_కాలు:
మీ అనుభవం నిజమే కానీ రెండు వేర్వేరు మందుల్ని ఒకే గాటన కడుతున్నారు. ఓక్లాసిటినిబ్ స్టెరాయిడ్ కాదండీ. దురద కబురు మోసుకెళ్లే జాక్ అనే ఎంజైముల దగ్గర అడ్డం పడుతుంది, కొన్ని గంటల్లోనే తేడా తెలుస్తుంది, ఆ దాహం ఆకలి గోల స్టెరాయిడ్ స్థాయిలో ఉండదు. మామూలుగా మొదట 14 రోజుల వరకు రోజుకి రెండుసార్లు, తర్వాత ఒక్కసారి. ఏడాది నిండని పిల్లలకీ 3 కిలోల లోపు వాటికీ వేయరు, పెద్ద ఇన్ఫెక్షన్ ఉన్నా వేయరు. చిట్టికి బరువూ వయసూ రెండూ సరిపోతాయి.

ఇంకోటి. మీ ఆయన చెప్పే తిండి పరీక్షకి 8 వారాలు. అన్నాళ్లూ దాన్ని అలాగే గోక్కోనిస్తారా? గోకితే చర్మం చిట్లుతుంది, చిట్లిన చోట బ్యాక్టీరియా, ఈస్ట్ (ఒక రకం ఫంగస్) చేరతాయి, వాటి వల్ల ఇంకో దురద. అప్పుడు మొదటి కారణం ఇంకా లోపలికి పోతుంది తప్ప బయటికి రాదు.

పాత_చెప్పు:
ఒప్పుకుంటాను. కానీ తిండీ మాత్రా ఒకే రోజు మొదలుపెడితే, తగ్గినప్పుడు ఆ పేరు దేనికిస్తారు?

నాలుగో_కాలు:
అందుకే రెండూ కలిపి మొదలుపెట్టి మాత్రని మధ్యలో ఆపేయాలి. మొదటి రెండు మూడు వారాలు మాత్ర, కొత్త తిండి. తర్వాత డాక్టర్‌కి చెప్పి మాత్ర ఆపి తిండి మాత్రం కొనసాగించాలి. ఈ మందు ఒంట్లో ఎక్కువసేపు నిలవదు కాబట్టి దురద తిరిగొస్తే త్వరగానే తెలిసిపోతుంది. రాలేదనుకోండి, అప్పుడు తిండి మీద అనుమానం బలపడుతుంది. అప్పటికీ అనుమానమే. 8 వారాలయ్యాక పాత తిండి మళ్లీ పెట్టాలి, రెండు వారాల్లో గోకుడు మొదలైతేనే రుజువైనట్టు.

పేల_దువ్వెన:
మీరిద్దరూ మాత్ర, తిండి అని కొట్టుకుంటున్నారు, ఫ్లీల (కుక్క బొచ్చులో ఉండి రక్తం తాగే చిన్న పురుగులు) సంగతి ఒక్కరూ అడగలేదు. వాటి లాలాజలం పడని కుక్కకి నాలుగైదు కాట్లు చాలు, రోజుల తరబడి గోకుతుంది. "మా కుక్కకి ఒక్కటీ కనపడలేదండీ" అని అందరూ అంటారు, దురద పుట్టిన కుక్క నాకేటప్పుడు వాటిని మింగేస్తుంది కదా, ఎక్కడ కనపడతాయి? సన్న దువ్వెనతో తోక మొదలు దగ్గర, నడుం మీద దువ్వి, రాలిన నల్ల నలుసుల్ని తడిపిన తెల్ల కాగితం మీద వేయండి. ఎర్రగా కరిగితే అది ఫ్లీల రెట్ట, అంటే అరిగిన రక్తం. పెద్ద పురుగులు మొత్తంలో 5 శాతమే, మిగతాదంతా గుడ్లు, లార్వా, ప్యూపాలుగా పరుపులో, సోఫా సందుల్లో ఉంటుంది, కాబట్టి కుక్కకి ఒక్కసారి మందు వేసి ఊరుకుంటే కుదరదు. ఇంట్లో పిల్లి ఉంటే జాగ్రత్త, కుక్కలకి వాడే పెర్మెత్రిన్ పిల్లుల ప్రాణం తీస్తుంది. నమిలే ఫ్లీ మాత్రలు (ఫ్లురలానర్, అఫోక్సోలానర్ లాంటివి) వేసేముందు ఎప్పుడైనా ఫిట్స్ వచ్చాయా అన్నది డాక్టర్‌కి చెప్పండి. అమెరికాలో మందుల్ని నియంత్రించే ఎఫ్‌డీఏ 2018లో ఈ విషయంలోనే హెచ్చరిక ఇచ్చింది.

అయితే పాదాలు, చెవులు అంటున్నారు కాబట్టి చిట్టి విషయంలో నాకు ఫ్లీల మీద అనుమానం తక్కువే. అయినా దువ్వి చూడటానికి ఐదు నిమిషాలు.

పచ్చని_ఆకు:
ఇంత చిన్న ప్రాణికి ఇన్ని మందులెందుకండీ, నీళ్లలో యాపిల్ సైడర్ వెనిగర్, నాలుగు చుక్కల టీ ట్రీ నూనె కలిపి రాయండి, అన్నీ నేచురల్, ఏ టెన్షనూ ఉండదు.

పేల_దువ్వెన:
దయచేసి ఎవరూ ఇది చేయకండి. టీ ట్రీ నూనె కుక్కలకి విషం, నాలుగైదు కిలోల కుక్కకి చిక్కటి నూనె కొద్దిగా పడినా వణుకు, తూలడం, కాళ్లు చచ్చుబడటం దాకా పోవచ్చు, పైగా రాసిందంతా నాకుతుంది. చిట్లిన చర్మం మీద వెనిగర్ పోస్తే ఎలా మండుతుందో మీ గీసుకున్న వేలి మీద పోసుకుని చూడండి.

పచ్చని_ఆకు:
మా దానికి ఏం కాలేదు మరి.

నాలుగో_కాలు:
కాకపోవడం మీ అదృష్టం. మన జలుబు, ఎలర్జీ మాత్రలు కూడా అంతే, కొన్నింటిలో సూడోఎఫెడ్రిన్ కలిసి ఉంటుంది, చిన్న కుక్క గుండెకి అది చాలా ప్రమాదం. పోనీ ఉత్త సెట్రిజిన్ అడిగి వేద్దామన్నా మనకి పనిచేసినంతగా వాటికి పనిచేయదు.

నిద్రలేని_ఇల్లు:
ఇన్ని సమాధానాలు వస్తాయనుకోలేదు. దువ్వాను, ఎర్రగా కరిగే నలుసు ఒక్కటీ లేదు. ఇవాళ మళ్లీ డాక్టర్ గారి దగ్గరికి వెళ్లి పాదాలు చూడమన్నాను. వేళ్ల మధ్య టేపు అంటించి తీసి మైక్రోస్కోప్ కింద చూస్తే నిండా ఈస్ట్. ఆ పుల్లటి వాసన మేం స్నానం చాలక అనుకున్నాం! క్లోర్‌హెక్సిడిన్, మైకొనజోల్ ఉన్న షాంపూతో వారానికి రెండుసార్లు, గోరువెచ్చని నీళ్లతో స్నానం, నురగ 10 నిమిషాలు ఒంటి మీదే ఉంచాలట. చిట్టిని 10 నిమిషాలు నురగలో నిలబెట్టడం ఎలాగో ఎవరైనా చెప్తే పుణ్యం. ఈస్ట్ తర్వాత చేరిందేననీ, అడుగున ఎలర్జీ ఉందనీ, అది తిండి వల్లా లేక దుమ్ము పురుగులు, పుప్పొడి లాంటి వాటి వల్లా అన్నది ఇంకా తేలాలనీ అన్నారు. మాత్ర మూడు వారాలు, తిండి 8 వారాలు అని రాజీ కుదిరింది. రక్త పరీక్షతో తిండి ఎలర్జీ తేలుతుందా అని మా ఆయన అడిగితే నమ్మలేం అన్నారు.

పాత_చెప్పు:
మంచి రాజీ. ఇంట్లో బిస్కెట్ ముక్క పడేసేవాళ్లు ఎవరో ముందు చూసుకోండి. మా పరీక్ష మొదటిసారి ఐదో వారంలో చెడింది దానివల్లే. రుచి కలిపిన నులిపురుగుల మాత్రలు కూడా లెక్కలోకి వస్తాయి.

నిద్రలేని_ఇల్లు:
మా అత్తగారు. చెప్తే "నేనెప్పుడు పెట్టాను" అంటారు, చిట్టి మీసాలకి పొడి అంటుకుని ఉంటుంది.

పాత_చెప్పు:
అయితే 8 వారాలు మీకు చిట్టితో కాదు పని 😄 చివర్లో పాత తిండి మళ్లీ పెట్టి చూడటం మాత్రం ఎగ్గొట్టకండి.

నిద్రలేని_ఇల్లు:
అది చదివి వినిపించాను. "బాగైన కుక్కకి కావాలని మళ్లీ దురద తెప్పిస్తారా, కారణం తెలియకపోతే ఏం కొంపలు మునిగిపోవు" అంటున్నారు. అన్నది మా అత్తగారు కాదు, మా ఆయనే.