ఇంటి గ్యారేజీలో రెండు స్తంభాల కార్ లిఫ్ట్: ఏం చూసుకోవాలి?

ప్రశ్న: డాలస్‌లో ఉంటాం. బ్రేకుల పని నేనే చేసుకుందామని గ్యారేజీలో లిఫ్ట్ పెట్టించాలనుకుంటున్నా. ఇంట్లో చిన్నపిల్లలున్నారు, అందుకే కొంచెం టెన్షన్. ఏమేం చూసుకోవాలి?

జవాబు: అన్నా, ముందు నేల సంగతి తేల్చుకో. టెక్సాస్‌లో చాలా ఇళ్ల స్లాబులో లాగి బిగించిన ఉక్కు కేబుళ్లు ఉంటాయి, లిఫ్ట్‌ని నేలకి బిగించే యాంకర్ బోల్టు కోసం డ్రిల్ చేస్తూ ఒకటి తెంపితే మనిషికీ ప్రమాదం, ఇంటికీ నష్టం. గ్యారేజీ నేల మీద 'పోస్ట్ టెన్షన్' (అంటే ఆ కేబుళ్లున్న స్లాబు) అని ముద్ర ఉందేమో చూడు. ఉంటే కేబుళ్లు ఎక్కడున్నాయో స్కాన్ చేయించకుండా డ్రిల్ ముట్టుకోవద్దు. కాంక్రీటు మందం ఎంతుండాలో మీ మోడల్ మాన్యువల్‌లోనే ఉంటుంది, చాలావాటికి కనీసం 4 అంగుళాలు.

ఇంకో జవాబు: బండిని లాకుల (లిఫ్ట్ కిందకి జారకుండా స్తంభాల్లో పట్టి ఉంచేవి) మీదకి దించకుండా కిందకి అస్సలు వెళ్లొద్దు, లిఫ్ట్‌ని లేపే హైడ్రాలిక్ (ఆయిల్) ఒత్తిడిని నమ్ముకోవద్దు. చక్రాలు కాస్త లేవగానే ఆపి, ఊపి చూడండి. ఇంజనో గేర్‌బాక్సో దించితే బరువు ఒక పక్కకి మారిపోతుంది, ఇది చాలామంది పట్టించుకోరు.

అడిగినవారు: ముద్ర ఉంది! ఇంజనీరుని పిలుస్తా. మెయింటెనెన్స్ సంగతి?

జవాబు: లిఫ్ట్ కేబుల్ పోగులు తెగుతున్నాయా, ఆయిల్ కారుతోందా, రెండువైపులా లాకులు ఒకే ఎత్తులో పడుతున్నాయా తరచూ చూడండి. బోల్టుల బిగువు చూడాల్సింది టార్క్ రెంచ్‌తోనే (ఎంత బిగించామో కొలిచే రెంచ్). ఏడాదికోసారి లిఫ్టులు తెలిసినవాళ్లతో తనిఖీ. పని అయ్యాక పిల్లలు నొక్కకుండా లిఫ్ట్ మెయిన్ స్విచ్ ఆపేయండి.