స్ప్లెండర్ ప్లగ్ థ్రెడ్లు పోయాయి: హెలికాయిలా, బుష్షా, హెడ్డే మార్చాలా?

పాతబండి_98
1998 హీరో హోండా స్ప్లెండర్. ప్లగ్ బిగిస్తుంటే చివర్లో పట్టు దొరక్కుండా ఊరికే తిరుగుతోంది. స్టార్ట్ చేస్తే ప్లగ్ పక్క నుంచి టుస్ టుస్‌మని గాలి, చుట్టూ నల్ల జిడ్డు, పికప్ లేదు. ఊడదీస్తే అల్యూమినియం తీగలా ప్లగ్‌కి చుట్టుకుని వచ్చేసింది. ఒక మెకానిక్ టెఫ్లాన్ టేపు చుట్టి బిగిద్దామంటున్నారు. ఇంకొకరు కన్నం పెద్దది చేసి, 14 మి.మీ. ప్లగ్‌కి ట్యాప్ (మరలు కోసే పనిముట్టు) కొట్టేద్దామంటున్నారు. మూడో ఆయన హెడ్డే మార్చమంటున్నారు. వాల్వులు, క్యామ్ బాగానే ఉన్నాయి. ఏది నిలుస్తుంది? హెడ్ దించకుండా పని అవుతుందా?

నాలుగుస్ట్రోకులు
టేపు మాట మర్చిపోండి. ప్లగ్ వేడి హెడ్‌లోకి దిగేది మరల మీదుగా, సీటు మీదుగానే. మధ్యలో టెఫ్లాన్ పెడితే ఆ దారి మూసేసినట్టే. పైగా 260 డిగ్రీలు దాటితే అది నిలవదు. ఎమ్‌సీల్ అయితే ఇంకా ఘోరం, ఈసారి విప్పేటప్పుడు మిగిలిన మరల్ని కూడా పీక్కొస్తుంది.

14 ప్లగ్ కూడా వద్దు. మీ బండి ప్లగ్ ఎన్‌జీకే సీ7హెచ్‌ఎస్ఏ రకం: మర 10 మి.మీ., పిచ్ 1.0, మర పొడవు 12.7 మి.మీ., పానా 16. షాపులో చేతికందిన 19 మి.మీ. పొడవు ప్లగ్ వేశారనుకోండి, 6 మి.మీ. పైగా లోపలికి పొడుచుకొస్తుంది. పిస్టన్‌కో వాల్వ్‌కో తగిలితే ఖర్చు ఎక్కడికి పోతుందో చెప్పక్కర్లేదు. తగలకపోయినా ఆ బయటపడిన మరలకి మసి పట్టి, విప్పేటప్పుడు కొత్త థ్రెడ్‌ని కూడా కోసేస్తుంది. పొట్టి ప్లగ్ వేస్తే ఉల్టా: హెడ్‌లో ఖాళీగా ఉన్న అడుగు మరల్లో మసి చేరుతుంది.

వాల్వులు బాగుంటే హెడ్ మార్చక్కర్లేదు. హెలికాయిల్ (పోయిన మరల చోట కొత్త మర కోసి దింపే స్ప్రింగులాంటి ఉక్కు తీగ చుట్ట) చాలు.

లేత్‌పని
పై మాటతో ఏకీభవిస్తాను, కానీ హెలికాయిల్ అన్నిచోట్లా కుదరదు. ముందు కన్నం చూడండి. గుండ్రంగా ఉండి మరలు మాత్రమే పోతే హెలికాయిల్. ఇదివరకే ఎవరో వంకరగా ట్యాప్ కొట్టి ఉంటేనో, కన్నం కోలగా అయితేనో బుష్ (లోపలా బయటా మరలున్న లోహపు గొట్టం ముక్క) తప్పదు.

బుష్ అయితే బయట 14×1.25, లోపల 10×1.0, పైన చిన్న కాలర్. నేను ఇత్తడే వాడమంటాను. వేడికి ఇత్తడి వ్యాకోచం అల్యూమినియానికి దగ్గరగా ఉంటుంది, వేడిని కూడా ఉక్కుకన్నా బాగా లాగుతుంది. అడుగున రెండు మూడుచోట్ల పంచ్‌తో కొట్టి లాక్ చేయాలి, లేకపోతే ప్లగ్‌తోపాటు బుష్ కూడా ఊడి వస్తుంది. ట్యాప్ కొట్టేముందు ప్లగ్ కన్నానికీ వాల్వ్ సీటుకీ మధ్య వెంట్రుకంత పగులు ఉందేమో చూడండి. ఉంటే హెడ్ మార్చడమే.

పాతబండి_98
కన్నం గుండ్రంగానే ఉంది, పగులేమీ కనిపించలేదు. హెలికాయిల్‌కి ఎంత డ్రిల్ కొట్టాలి? ట్యాప్‌కి గ్రీజు పూస్తే హెడ్ దించక్కర్లేదని ఒకరన్నారు.

నాలుగుస్ట్రోకులు
గ్రీజు పొట్టులో చాలావరకు పట్టుకుంటుంది, అంతా పట్టుకోదు. ఈ ఇంజన్‌లో సిలిండర్ దాదాపు పడుకుని ఉంటుంది కదా, జారిన పొట్టు బోరు అడుగు గోడ మీదే కూర్చుంటుంది. పిస్టన్ రింగు దాన్ని తోసుకుంటూ గీతలు పెడుతుంది. దించడమే మేలు.

మ్యాగ్నెట్ (ఇంజన్ పక్కన క్రాంక్‌తో తిరిగే చక్రం) మీద టి గుర్తుని కేసు మీది గుర్తుతో కలిపి, పిస్టన్ కంప్రెషన్ పైకొనలో ఉందని (రెండు రాకర్లూ వదులుగా ఆడాలి) చూసుకున్నాకే క్యామ్ స్ప్రాకెట్ విప్పండి. చైన్ లోపలికి జారకుండా తీగతో కట్టండి. ఏ స్టడ్ మీద ఏ నట్టు, ఏ వాషర్ ఉందో ఫొటో తీసుకోండి, అన్నీ ఒకేలా ఉండవు. తారుమారైతే ఆయిల్ కారుతుంది.

10×1.0 హెలికాయిల్‌కి డ్రిల్ సుమారు 10.25. కిట్‌లో వేరే కొలత రాసి ఉంటే అదే పాటించండి. డ్రిల్లింగ్ మిషన్ మీద, ప్లగ్ సీటుకి నిటారుగా. చేతి డ్రిల్‌తో ఒరిగితే వాషర్ ఒక పక్కే కూర్చుని మళ్లీ లీకే. ట్యాప్ కిట్‌లోదే వాడాలి, మామూలు 10×1 ట్యాప్ పనికిరాదు. కిరోసిన్ చుక్క వేస్తూ అర చుట్టు ముందుకి, పావు చుట్టు వెనక్కి. కాయిల్ పై చివర సీటుకన్నా అర మర నుంచి ఒక మర కిందికి దిగాలి, అడుగున ఛాంబర్‌లోకి పొడుచుకు రాకూడదు. కాయిల్‌ని తిప్పి దింపడానికి దాని అడుగున ఉండే కొక్కేన్ని విరిచి బయటికి తీశారో లేదో చూసుకోండి.

లేత్‌పని
ఎక్కించేటప్పుడు కొత్త గ్యాస్కెట్, రెండు డోవెల్ పిన్నులు, ఓరింగ్. నట్లు ఎదురెదురుగా రెండు మూడు విడతల్లో. చైన్ కట్టాక మ్యాగ్నెట్‌ని చేత్తో రెండు పూర్తి చుట్లు తిప్పి గుర్తులు మళ్లీ చూడండి. ట్యాపెట్ సందు (రాకర్‌కీ వాల్వ్‌కీ మధ్య ఖాళీ) ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు 0.05 మి.మీ.

ప్లగ్‌ని పెట్రోల్ పైపు ముక్కకి తొడిగి వేళ్లతో తిప్పండి. మర తప్పితే రబ్బరు జారిపోతుంది, పానా అయితే మొండిగా దూరిపోతుంది. ఆగాక కొత్త ప్లగ్‌కి అర చుట్టు, పాతదానికి వాషర్ అప్పటికే నలిగి ఉంటుంది కాబట్టి గడియారంలో ఒక గంట దూరమంత. టార్క్ రెంచ్ ఉంటే 10–12 న్యూటన్ మీటర్లు. పానాకి పైపు తొడిగి బిగించడం, వేడి ఇంజన్ మీద విప్పడం, ఈ రెండే ఎక్కువ హెడ్లని లేత్ షాపుకి పంపేవి.

బిగించాక ప్లగ్ చుట్టూ సబ్బునీళ్లు పోసి కిక్ కొట్టండి. బుడగ రాకపోతే స్టార్ట్ చేసుకోవచ్చు.